నలుగురూ, మూడోవంతు చౌడమ్మా

మా నల్లగుట్లపల్లి మండలం గురించి మీరు విని ఉండరు. అందులో మీ తప్పేమీ లేదు. ఇక్కడ పుట్టినవాళ్ళే బెంగళూరు బస్సెక్కాక పక్క మండలం పేరు చెప్పుకుంటారు. ఆ పేరు చెబితే ఎదుటివాడు ‘అదెక్కడ’ అని అడగడు. మాకు రాళ్ళు పుష్కలంగా ఉన్నాయి. వాన కూడా ఉంది, కాగితం మీద. చెనక్కాయ వేస్తాం, అదే మీ వేరుశనగ, ఎందుకు వేశామా అని తల పట్టుకుంటాం, మళ్ళీ ఏడాది మళ్ళీ చెనక్కాయే వేస్తాం. మా ఆర్థిక పరిస్థితి మొత్తం ఇంతే. దీన్నే నేను పట్టికలు కట్టి, రంగురంగుల గుండ్రాలు గీసి, ఒక లావుపాటి పుస్తకంగా తయారుచేశాను. నేను ఆ మండలానికి గణాంకాధికారిని. ఊళ్ళలో నన్ను లెక్కల సారు అంటారు. పిల్లలకు ట్యూషన్ చెప్పమని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

పుస్తకం పేరు ‘మండల ముఖచిత్రం’. అలాంటి పుస్తకాలు ఏటా వస్తాయి, బీరువాలో చేరతాయి, చెదలకు పనికొస్తాయి. ఆ ఏడాది మాత్రం పైవాళ్ళకు సగటు మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు ఏడాది వెదురు మీద పుట్టింది గానీ, ఆ మొక్కల్ని మేకలు తినేశాయి. సగటును మేకలు తినలేవు కాబట్టి ఈసారి ప్రేమ గట్టిగా నిలబడింది. ‘సగటు మనిషికి ఏది మేలో అదే అందరికీ మేలు’ అని గోడల మీద రాయించారు. ప్రతి మండలమూ తన ముఖచిత్రంలో ఉన్న సగటు కుటుంబాన్ని వెతికి పట్టుకోవాలి. దాన్ని భద్రంగా కాపాడాలి. ఏ పథకమైనా ముందు ఆ ఇంటి మీద ప్రయోగించి చూడాలి. శ్రావణమాసంలో పరిశీలక బృందం వచ్చి ఆ కుటుంబాన్ని కళ్ళారా చూస్తుంది. చూసి తృప్తిపడితే ఆ ఊరికి మంచినీళ్ళ ట్యాంకు మంజూరు చేస్తుంది.

ఈ పని కోసం మాకో ప్రత్యేకాధికారిని వేశారు. పేరు వైకుంఠప్రసాద్ గారు. భార్య, ఇద్దరు పిల్లలతో మండల కేంద్రంలోని క్వార్టర్స్‌లో దిగారు. దిగారన్న మాటే గానీ పెట్టెలు విప్పలేదు. ఈ ఒక్క పని అయితే ప్రమోషన్ మీద రాజధానికి పోవచ్చని ఆయన ఆశ. వచ్చిన రోజే నా పుస్తకం తెరిచి సగటు కుటుంబం పేజీ మీద వేలు పెట్టారు.

“కుటుంబ సభ్యులు నాలుగు పాయింటు మూడు మూడు. ఎద్దులు ఒకటి. బోరుబావి పావు. మోటారు సైకిలు అర. ఈ కుటుంబమును ఎప్పుడు హాజరుపరుస్తారు?”

“సార్, అది భాగహారం. అలాంటి ఇల్లు ఎక్కడా ఉండదు. నలుగురు మనుషులు ఉంటారు, అయిదుగురు ఉంటారు. మూడోవంతు మనిషి ఎలా ఉంటాడు?” అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశారు. “గణాంకాధికారి గారూ, అచ్చయినది అసత్యము కాజాలదు. కుటుంబము ఉన్నది. మన దృష్టి పథమునకు రాలేదు. అంతియే.”

వెతకడం మొదలుపెట్టాం. ఒక ఊళ్ళో ఒక పెద్దమనిషి తనది నాలుగున్నర మంది కుటుంబం అన్నాడు. ఆ సగం మనిషి ఎవరయ్యా అంటే, అరుగు మీద పడుకున్న అల్లుణ్ణి చూపించాడు. వైకుంఠప్రసాద్ గారు అల్లుణ్ణి లేపి, నిలబెట్టి, చుట్టూ తిరిగి చూసి, పూర్తిగానే ఉన్నాడని తేల్చారు. మామగారు ఒప్పుకోలేదు. ఇంకో ఊళ్ళో బోరు పావువంతు ఎలా ఉంటుందో చూపిస్తామన్నారు. మోటారు కాలిపోయి, పైపు ఊడిపోయి, గుంత మాత్రం మిగిలిన బోరు అది. దాన్ని ఆయన కొంతసేపు పరిశీలనలో ఉంచారు గానీ, ఆ ఇంట్లో మనుషులు ఎక్కువయ్యారు.

అలా తిరిగి తిరిగి పులిగుండ్లపల్లె చేరాం. ఒక ఇంటి ముందు ఒక మనిషి విత్తనానికి చెనక్కాయలు వలుస్తున్నాడు. పక్కన ఒక ముసలమ్మ అతను వలిచినవాటిలో పుచ్చులు ఏరి అతని మీదికే విసురుతోంది. నాకు ఆశ చచ్చిపోయింది. అయినా అలవాటు కొద్దీ అడిగాను.

“ఇంట్లో ఎంతమందప్పా?”

“నలుగురం సార్. నేను, నా పెండ్లాం ఆదెక్క, ఒగ బిడ్డ, ఒగ పిల్లోడు.”

“ఈ అమ్మ?”

“మాయమ్మ సార్, చౌడమ్మ. మాకు మూడోవంతే.”

నా చేతిలో పెన్ను జారి చెనక్కాయల్లో పడింది. “మళ్ళీ చెప్పు.”

“మేం ముగ్గురం సార్. పెద్ద కదిరప్ప, నడిపి కదిరప్ప, నేను చిన్న కదిరప్ప. మా నాయన పోయినాక మాయమ్మను వంతులేసుకున్యాం. ఉగాది కాన్నించి ఆషాడం దాకా నా కాడ. శ్రావణంలో పెద్దోని కాడికి పోతాది. మాగ్గశిరంలో నడిపోని కాడికి. మళ్లా ఉగాదికి నా గడప తొక్కుతాది.”

“నన్నేం కోసి పంచుకోలేదులే నాయనా,” అంది చౌడమ్మ ఇంకో పుచ్చు గింజ విసురుతూ. “నేను యా ఇంటికి పోయినా నిండుగానే పోతా.”

నేను పుస్తకంలో ఆ పేజీ తీశాను. “ఎద్దులు?”

“ఒగటి సార్. ఇంగొగటి నడిపోనిది. రెండూ కలిస్తేనే కాడి.”

“బోరు?”

“నలుగురికి ఒగటి. ముగ్గురన్నదమ్ములం, మా చిన్నాయన కొడుకు. వంతు ప్రకారం నీళ్ళు.”

“మోటారు సైకిల్ ఉందా?” నా వేలు పేజీలో ‘అర’ మీద ఉంది.

“మా బామ్మర్దీ నేనూ కలిసి కొన్యాం సార్. సోమారం కాన్నించి బుధారం దాకా నాది. ఆపైన మూడు దినాలు వానిది.”

“ఆదివారం?”

“ఆదివారం పెట్రోలుండదు సార్.”

ఇన్నేళ్ళుగా నేను వేసిన సగటులన్నీ దిక్కులేని అంకెలనుకున్నాను. వాటికీ ఒక ఇల్లు ఉంది, ఆ ఇంటి ముందు ఒక ఎద్దు కట్టేసి ఉంది. నాకు నిజంగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వైకుంఠప్రసాద్ గారు మాత్రం తలగుడ్డ కట్టుకున్న చిన్న కదిరప్పకు చేతులు జోడించి, “అయ్యా, నేటి నుండి తమరు ప్రభుత్వ సంపద,” అన్నారు. చిన్న కదిరప్ప తాసిల్దారాఫీసులో ఏదో కేసు పడిందనుకుని లోపలికి పరిగెత్తాడు.

వారం తిరిగేసరికి ఆ ఇంటి ముందు పచ్చ రేకు బోర్డు లేచింది. ‘మండల సగటు కుటుంబము. దీనిని తాకరాదు, మార్చరాదు’ అని రాసి ఉంది. గడప దగ్గర ఒక హోంగార్డును కూర్చోబెట్టారు. ఊరివాళ్ళు సంబరపడ్డారు. ట్యాంకు వస్తుందంటే ఎవరికి చేదు? చిన్న కదిరప్ప పని ఏమీ చెయ్యక్కర్లేదు, ఉన్నట్టుగా ఉంటే చాలు అని అందరూ అతని భుజం తట్టారు.

ఉన్నట్టుగా ఉండటం ఎంత కష్టమో తర్వాత తెలిసింది.

మొదట పథకాలు వచ్చాయి. మహిళా సంక్షేమం వాళ్ళు మిక్సీ ఇచ్చిపోయారు. నా పుస్తకం ప్రకారం సగటు ఇంట్లో మిక్సీ మూడింట రెండు వంతులు. వైకుంఠప్రసాద్ గారు వెంటనే వచ్చి మూడు జాడీల్లో ఒకటి స్వాధీనం చేసుకుని రసీదు ఇచ్చారు. స్వాధీనమైంది చట్నీ జాడీ. ఆదెక్క ఒక వారం పాటు ఊరిబిండిని రోట్లోనే నూరుకుని మమ్మల్ని తిట్టింది. తర్వాత కుట్టుమిషన్ వచ్చింది. సగటున కుట్టుమిషన్ పదోవంతే కాబట్టి సూది ఉంచి మిగతాది తీసుకుపోయాం. ఆ ఇంట్లో ఉన్న ఒక్క గేదె ఈనింది. దూడకు పట్టికలో చోటు లేదు. దాన్ని మండలాఫీసుకు తెచ్చి నా బల్ల కాలికి కట్టేశారు. అది రెండురోజులు అరిచి, మూడోరోజు వర్షపాతం ఫైలు తినేసింది. మండలంలో ఇప్పటికీ ఆ నెల వాన ఎంత పడిందో ఎవరికీ తెలియదు. పడలేదనే నా నమ్మకం.

ఆ ఇంటి పిల్లకు క్లాసులో మొదటి ర్యాంకు వచ్చిందని తెలిసిన రోజు వైకుంఠప్రసాద్ గారు అన్నం ముట్టలేదు. నన్ను వెంటబెట్టుకుని స్కూలుకు వెళ్ళారు.

“అమ్మాయీ, నీ తెలివితేటలను ప్రభుత్వము గౌరవించుచున్నది. కానీ నీవు ఒక విద్యార్థినివి మాత్రమే కావు. నీ భుజస్కంధములపై ఒక మండలము ఉన్నది.”

పిల్ల ఆలోచించి, “సరే సార్, తప్పులు చేస్తా. ఎన్ని చెయ్యాల?” అంది.

దాని మీద కమిటీ వేశాం. కమిటీ తేల్చేలోపు పిల్లకు రెండో పరీక్షలో కూడా మొదటి ర్యాంకే వచ్చింది. అప్పుడు మిగతా పిల్లలందరికీ మార్కులు పెంచమని టీచరుకు మెమో ఇచ్చాం. ఆ స్కూలు జిల్లాలో ప్రథమ స్థానంలో నిలిచింది. టీచరుకు శాలువా కప్పారు.

ఇంతవరకు ఎలాగో నెట్టుకొచ్చాం. జ్యేష్ఠం చివర్లో నెలవారీ తనిఖీకి నేను వెళ్ళినప్పుడు ఆదెక్క నడుం పట్టుకుని లేచి నిలబడింది. ఆ లేవడం చూస్తే లెక్కలు రానివాడికి కూడా విషయం అర్థమవుతుంది.

“ఏమ్మా ఇది?” అన్నాను.

“ఏడో నెల సార్. శ్రావణంలో అంటాండారు.”

“మరి చెప్పలేదేం?”

“ఇంట్లో ఎందరుండారంటిరి, చెప్తి. కడుపులో ఎందరని మీరు అడగలా.”

చౌడమ్మ నవ్వింది గానీ ఆదెక్క నవ్వలేదు. “సార్, ఆషాడం పోతానే మా యత్త వంతు మారతాది. మీరు అడ్డం జెప్పగాకండి. పెద్దిళ్ళు, నడిపిళ్ళు అందురూ ఒప్పుకున్యారు, కానుపయ్యేదాకా ఈన్నే ఉంటాది. మొదుటి బిడ్డకు రెండు దినాలు నొప్పులు పడినా. డాక్టరమ్మే చేతులెత్తేసింది. ఈయమ్మే నా చెయ్యి ఇడిసిపెట్టలా. నాకు తల్లి లేదు. ఈయమ్మ లేకుంటే నాకు భయం సార్.”

నేను తల ఊపాను. ఊపి మండలాఫీసుకు వచ్చి వైకుంఠప్రసాద్ గారికి చెప్పాను. ఆయన పంచాంగం తీసి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టారు.

“పరిశీలక బృందము శ్రావణ శుద్ధ తదియ నాడు వచ్చుచున్నది. వంతు తీరిన పిమ్మట కూడా ఆ వృద్ధురాలు ఆ గృహమున ఉన్నచో, ఆమె మూడోవంతు కాదు, అంతకు పైబడును. శిశువు జనించినచో సంపూర్ణముగా ఒకటి పెరుగును. మన సగటు ఏమగును? నా ప్రమోషన్… నా ఉద్దేశము, మన ట్యాంకు ఏమగును?”

ఆ సాయంత్రం అత్యవసర సమావేశం జరిగింది. చిన్న కదిరప్పను శాశ్వతంగా బెంగళూరు పంపి ఒకరిని తగ్గించమని ఒకరు అన్నారు. అప్పుడు వలస పట్టిక చెడుతుందని నేను చెప్పాను. పిల్లవాణ్ణి మేనమామకు దత్తత ఇమ్మన్నారు ఇంకొకరు. మేనమామ ఎవరంటే సగం మోటారు సైకిలు వాడే. వాడికి పిల్లవాణ్ణి ఇస్తే బండి మొత్తం అడుగుతాడని భయపడ్డాం. చివరికి రెండు ఉత్తర్వులు తయారయ్యాయి. మొదటిది ఆదెక్క పేర: ‘తమకు జరగబోవు ప్రసవమును పరిశీలన ముగియు వరకు వాయిదా వేసుకొనవలసినదిగా కోరడమైనది.’ రెండోది చౌడమ్మ పేర: ‘ఆషాఢ అమావాస్య మరునాడు సూర్యోదయమునకు తమరు పెద్ద కదిరప్ప గృహమునకు తరలవలెను. పరిశీలన ముగియు వరకు సగటు గృహములో అడుగిడరాదు.’

మొదటి ఉత్తర్వును ఆదెక్క చదివించుకుని, మడిచి, పొయ్యిలో పెట్టింది. రెండోదాన్ని అమలు చెయ్యడానికి మేమే జీపు వేసుకుని వెళ్ళాం.

పెద్ద కదిరప్ప ఇల్లు అదే వీధిలో, నాలుగిళ్ళ అవతల ఉంది. అయినా తరలింపు అంటే తరలింపే. డ్రైవరు, ముందు ఒక హోంగార్డు, వెనక ఒక హోంగార్డు. చౌడమ్మ మూట పట్టుకుని జీపెక్కింది. ఎక్కేముందు కోడలి తల నిమిరి, “యాటికీ పోలే, ఈన్నే ఉంటా,” అంది. ఊరంతా నిలబడి చూసింది. జీపు కదిలి, ఆగింది. చౌడమ్మ దిగి, డ్రైవరుకు ఒక తమలపాకు ఇచ్చి, తిరిగి నడుచుకుంటూ వచ్చేసింది.

గడపలో హోంగార్డు చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆర్డరు అవ్వా. లోపలికి పోగూడదు.”

లోపల ఆదెక్క గోడ పట్టుకుని నిలబడింది. ఏడుపు ఆపుకుంటోందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. నాకు ఆ క్షణంలో నా పుస్తకం మీద, ఆ పేజీ మీద, అందులో పాయింటు పక్కన ఉన్న ఆ మూడు మీద చాలా కోపం వచ్చింది. కోపం వచ్చినా నేను ప్రభుత్వోద్యోగిని. నిలబడి చూస్తూ ఉన్నాను.

చౌడమ్మ వాదించలేదు. పెద్ద కొడుకు ఇంటికీ పోలేదు. చిన్న కొడుకు గడప ఎదురుగా, సరిగ్గా వీధి మధ్యలో కూర్చుంది. “ఇది ఎవురి ఇల్లూ కాదు గదా,” అంది.

వైకుంఠప్రసాద్ గారు ఇరకాటంలో పడ్డారు. “గణాంకాధికారి గారూ! వీధిలో ఆసీనురాలైన వ్యక్తిని ఏ కుటుంబమునకు చెందినదిగా పరిగణించవలెను?”

ఇదొక్కటే నాకు బాగా తెలిసిన విషయం. సంతోషంగా చెప్పాను. “సార్, నిబంధన స్పష్టంగా ఉంది. ఎక్కడ కూర్చున్నారు, ఎక్కడ పడుకున్నారు అని చూడకూడదు. ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్ళంతా ఒక కుటుంబం. అంతే.”

చౌడమ్మ తల ఎత్తింది. “అంతేనా సారూ? ఎవురి పొయ్యి మింద తింటే వాళ్ళ ఇంటి మనిసేనా?”

“అంతే అమ్మా.”

“మరి పొయ్యి నాదైతే?”

“అప్పుడు ఇంటికి పెద్ద నువ్వే.”

“రాత కోతల్లో ఉండేదేనా ఇది, నువ్వు చెప్పేదా?”

“రాతలోదే,” అన్నాను.

ఆమె లేచి చీర కుచ్చిళ్ళు దోపుకుంది. మూడు రాళ్ళు తెచ్చి వీధి మధ్యలో పేర్చింది. గాలికి మంట ఆరుతోందని అటూ ఇటూ చూసి, మా పచ్చ రేకు బోర్డు పీకి తెచ్చి అడ్డం పెట్టింది. హోంగార్డు చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వాడిదీ పక్క ఊరే, ఆకలి తెలిసినవాడు. పెద్ద కోడలు రాగిపిండి తెచ్చింది, నడిపి కోడలు పెద్ద సట్టి తెచ్చింది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ముగ్గురు కదిరప్పలు, వాళ్ళ పెళ్ళాలు, పిల్లలు అందరూ వీధిలో బారుగా కూర్చుని సంగటి ముద్దలు తింటున్నారు. ఆదెక్కకు హోంగార్డే గడప దాటించి చెయ్యి అందించాడు. లోపలికి పోకూడదని ఆర్డరు గానీ, బయటికి రాకూడదని లేదు. చౌడమ్మ కోడలిని తన పక్కనే కూర్చోబెట్టుకుని పెట్టింది.

“సార్,” అన్నాను వైకుంఠప్రసాద్ గారి చెవిలో, “మూడిళ్ళ పొయ్యిలూ ఆరిపోయాయి. నిబంధన ప్రకారం ఇప్పుడు ఇక్కడ ఒకటే కుటుంబం ఉంది. సగటు కుటుంబం లేదు.”

“లేకపోవుట అనగా?”

“ఇల్లుంది, బోర్డుంది… బోర్డు అదిగో. కుటుంబం మాత్రం చౌడమ్మలో కలిసిపోయింది.”

ఆ రోజూ, మర్నాడూ ఆయన ఆ వీధిలో బతిమాలని మనిషి లేడు. పొయ్యి ఆరలేదు. పూటపూటకూ అందరూ అక్కడే తిన్నారు, ఆదెక్క అత్త పక్కనే చాప వేసుకుంది. మూడో రోజు, తదియ నాడు, పరిశీలక బృందం దిగింది. నాయకురాలు కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ, వెంట నలుగురు అధికారులు. దారిలో టైరు పంక్చరై, మధ్యాహ్నం దాటి వచ్చారు. మా మండలంలో హోటళ్ళ సగటు గురించి పుస్తకంలో ఉంది. వాళ్ళు అది చదవకుండా వచ్చినట్టున్నారు, ముఖాలు వాడిపోయి ఉన్నాయి.

“సగటు కుటుంబం ఎక్కడ?” అందావిడ.

వైకుంఠప్రసాద్ గారు నోరు తెరిచేలోపే చౌడమ్మ, “ముందు తిను తల్లీ, ముకం పీక్కపోయింది,” అని ఆమె చేతిలో ఆకు పెట్టేసింది. వేడి సంగటి, ఊరిబిండి, పైన నెయ్యి. ఆవిడ నిలబడే తినబోయి, తర్వాత కూర్చుంది. నలుగురు అధికారులు కూర్చున్నారు. వాసనకు ఆగలేక డ్రైవర్లూ కూర్చున్నారు. రెండు రోజులుగా సరిగ్గా తినని వైకుంఠప్రసాద్ గారు చివర్న కూర్చుని రెండో ముద్ద కూడా అడిగారు. నేను తింటూనే లెక్క రాసుకున్నాను. అది నా ఉద్యోగం.

“ఏం రాస్తున్నారు?” అందావిడ.

“కుటుంబ సభ్యుల వివరాలు మేడం. ఒకే పొయ్యి మీద తిన్నారు కాబట్టి తమరూ, బృందమూ, మా సారూ, నేనూ ఈ కుటుంబంలోకి వచ్చేశాం. ఇంటికి పెద్ద చౌడమ్మ గారు.”

ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆగి ఆలోచించింది. అలాంటివాళ్ళు నిబంధనను ఎప్పుడూ కాదనరు. “సరిగ్గా ఉంది. నమోదు చెయ్యండి,” అంది.

అప్పుడే ఆదెక్క కేక వేసింది.

చౌడమ్మ సట్టి వదిలి లేచింది. సంగటి గెలికే తెడ్డు ఒకసారి చుట్టూ చూసి వైకుంఠప్రసాద్ గారి చేతిలో పెట్టింది. “అడుగంటకుండా గెలుకు నాయనా. పిల్లోళ్ళు ఇంగా తినల్ల.”

“నేనా? అమ్మా, నేను గెజిటెడ్…”

“ఇంటి మనిసివే గదా. గెలుకు.”

ఆమెను తరలించడానికి తెచ్చిన ఆ జీపులోనే ఆదెక్కను ఎక్కించారు. హోంగార్డు ఆర్డరు కాగితం చూసుకుంటూ, “ఈయమ్మ ఎక్కొచ్చునా సార్?” అన్నాడు నన్ను. నేను నా నౌకరీ మొత్తంలో మొదటిసారి పుస్తకం చూడకుండా సమాధానం చెప్పాను. “ఎక్కించు,” అన్నాను. చౌడమ్మ కోడలి చెయ్యి పట్టుకుని కూర్చుంది. జీపు ఆసుపత్రి దారి పట్టింది. వీధి మధ్యలో, పొగలో, కళ్ళనీళ్ళు కారుతుండగా వైకుంఠప్రసాద్ గారు సంగటి గెలుకుతూ మిగిలారు. మొదట తడబడినా, కాసేపటికి చెయ్యి తిరిగింది. ఆ రోజు సంగటి అడుగంటలేదు. న్యాయంగా ఆ మాట చెప్పాలి.

ఆడపిల్ల పుట్టింది. ఆదెక్క ఈసారి పెద్దగా కష్టపడలేదట. అత్త చెయ్యి మాత్రం నలిగి, వాచి, పసుపు కట్టు కట్టుకుని ఇంటికి వచ్చింది. పరిశీలకురాలు తిరుగు దారిలో ఆసుపత్రి దగ్గర ఆగి, ఉయ్యాలలో బిడ్డను చూసి, తాను కూడా ఆ ఇంటి మనిషే కాబట్టి చేతిలో నోటు పెట్టి, పోతూ పోతూ ట్యాంకు మీద సంతకం పెట్టింది. ‘సొంత ఊరికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా’ అందట దారిలో.

వైకుంఠప్రసాద్ గారికి ప్రాణం లేచి వచ్చింది. ప్రమోషన్ కాగితం రావడమే తరువాయి. సెలవు తీసుకోవడానికి చౌడమ్మ దగ్గరికి వచ్చారు. నన్నూ తెచ్చుకున్నారు.

చౌడమ్మ మనవరాలికి నూనె రాస్తోంది. “పోతాండావా నాయనా? మంచిది. నా లెక్క ఒగటి చెడిపాయ. ముగ్గురు కొడుకులప్పుడు నాలుగు నెల్లకు ఒగడు. ఇప్పుడు నువ్వు గూడా వస్తివి. నలుగురైతిరి. ఇంక మూడు నెల్లకు ఒగడు.” బిడ్డను బోర్లా తిప్పి వీపు రాయడం మొదలుపెట్టింది. “ఈ పిల్ల మెడ నిలబడనీ. కార్తీకంలో నీ వంతుకొస్తా. నాకు పైన ఫ్యాను అక్కర్లే, కింద చాప చాలు.”

ఆయన నా వైపు తిరిగారు. నేను నిబంధనల వైపు తిరిగాను. పరిశీలకురాలి సంతకంతో నమోదైంది, కొట్టేసే అధికారం ఎవరికీ లేదు.

అన్న మాట ప్రకారం చౌడమ్మ కార్తీకంలో మూట పట్టుకుని క్వార్టర్స్‌లో దిగింది. మొదటి రోజే ఆయన పెట్టెలు విప్పి బట్టలు బీరువాలో సర్దేసింది. ఆయన పిల్లలు ఇప్పుడు సంగటి తప్ప ఇంకేమీ తినరు. ఆయన భార్య, అత్తగారు లేని లోటు తీరిందని నాతో చెప్పింది.

ఏడాది తిరిగి కొత్త ముఖచిత్రం రాశాను. ఈసారి బెంగళూరు బస్సెక్కినవాళ్ళు ఎక్కువయ్యారు, మండలంలో కుటుంబం కొంచెం చిన్నదైంది. సగటు నాలుగుంపావు వచ్చింది. నేను ఇంటింటికీ తిరగనవసరం లేకపోయింది. వైకుంఠప్రసాద్ గారు, భార్య, ఇద్దరు పిల్లలు, ఏడాదిలో మూడు నెలల చౌడమ్మ.

నిన్న ఆ పచ్చ రేకు బోర్డు మసి తుడిపించి, ఆయన గేటుకు నేనే దగ్గరుండి కొట్టించాను. ఆయన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డారు. ఆయన చేతిలో అంతకు ముందు రోజే వచ్చిన ప్రమోషన్ కాగితం ఉంది.

“గణాంకాధికారి గారూ,” అన్నారు సన్నగా, “దీని అర్థం?”

“తాకరాదు, మార్చరాదు సార్,” అన్నాను.

లోపల్నుంచి చౌడమ్మ కేకేసింది. “ఎవురు నాయనా వచ్చింది? లోపలికి రమ్మను, సంగటి దించినా!”

నేను గేటు దాటకుండానే వచ్చేశాను. ఆ రోజు ఆమె పొయ్యి మీద తిన్నవాళ్ళలో నేనూ ఉన్నానని ఆమెకింకా గుర్తు రాలేదు. మా ఇంట్లో కూడా నలుగురమే.